పొగ మింగే మిషను

ఐదు ఊళ్ళు కలిసి ఒక్క మిషను కొనుక్కున్నాయంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అప్పుడు మేమూ నమ్మలేదు. గుంటూరు, రాజమండ్రి, కర్నూలు, వరంగల్లు, హైదరాబాదు. అంతకు రెండేళ్ళ ముందు ఒకరి పేరెత్తితే ఒకరు ఒంటికాలి మీద లేచిన ఊళ్ళు. అలాంటివి 1974లో ఒక బల్ల చుట్టూ కూచుని, మన గాలిలో మసి ఎంత ఉందో కలిసి కొలుద్దాం, కలిసే తగ్గిద్దాం అని సంతకాలు పెట్టాయి. ప్రేమతో కాదు లెండి, భయంతో. ఒక్క ఊరే పొగగొట్టాలకు కట్టడి పెడితే మిల్లులవాళ్ళు మూటాముల్లె సర్దుకుని పక్క ఊరికి పోతారు. వాళ్ళతోబాటు పన్నులూ పోతాయి, కూలీల కూడూ పోతుంది. అందుకని కట్టడి పెడితే ఐదు ఊళ్ళూ ఒకేసారి పెట్టాలి, లేదంటే ఏ ఊరూ పెట్టకూడదు. అదీ ఒప్పందం.

దానికి ఆఫీసు నాంపల్లిలో పెట్టారు. స్టేషనుకు ఎదురు సందులో పాత రెండంతస్తుల ఇల్లు. నేను అందులో కెమిస్టుని, పేరు వసుమతి. మాది బాపట్ల. రాష్ట్రం ఏర్పడ్డ ఏడాది నాన్నగారి ఉద్యోగంతోబాటు వచ్చి చాదర్‌ఘాట్‌లో పడ్డాం, అక్కడే ఉండిపోయాం. నాకు నోరు ఎక్కువని మా అమ్మ కోటేశ్వరమ్మ ఇంటికొచ్చిన వాళ్ళకు మంచినీళ్ళకంటే ముందు చెబుతుంది. ఎక్కువైతే ఏమైంది? తగిన చోట వాడితే తప్పేముంది? వాడిన చోట ఎవరూ వినలేదు, అది వేరే సంగతి.

మిషను అంటే ఏమీ లేదు, రేకు పెట్టె. పైన ఏటవాలు కప్పు, లోపల మోటారు. పావురాల గూటికి కరెంటు పెట్టినట్టుంటుంది. అది రాత్రింబవళ్ళు గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలి ఒక తెల్ల కాగితం గుండా పోతుంది. గాలిలో ఉన్న మసి కాగితం మీద ఆగుతుంది. రోజూ పదింటికి ఆ కాగితం తీసి కొత్తది పెట్టి, పాతదాన్ని తూకం వేస్తాం. పెరిగిన బరువే మసి. ఊరికి ఒక నెల చొప్పున మిషను రైల్లో తిరిగింది. మిగతా నాలుగు ఊళ్ళూ అయ్యాక ఆఖరి వంతు మాది, దసరా వచ్చిన నెల.

మా డాబా మీదే పెట్టాం. వేరే చోటు వెతకక్కర్లేకపోయింది, ఎందుకంటే మా వెనక గోడకు ఆనుకునే ఇనుప పోత కార్ఖానా ఉంది. దాని పొగగొట్టం మా పిట్టగోడకంటే కొంచెమే ఎత్తు. పొద్దున్నే బట్టీ ముట్టించారంటే నల్లటి పొగ నేరుగా మా డాబా మీదికి దిగేది. ఆ డాబా మీద ఒక గది ఉంది. ఆ గదిలో పూలమ్మ ఉండేది.

పూలమ్మ మా ఆఫీసు ఊడ్చి, నీళ్ళు పట్టి, చాయ్ తెచ్చే మనిషి. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చింది. మొగుడు భూమయ్య నాంపల్లి స్టేషన్లో మూటలు మోస్తాడు. కిరాయి లేని గది కాబట్టి ఆ పొగలోనే కాపురం. ఒక్కతే కూతురు, అనసూయ. ఐదేళ్ళుంటాయి. ఆ పిల్లకు దమ్ము. పొగ దిగిందంటే చాలు, భుజాలు పైకీ కిందికీ ఎగిరేవి, డొక్కలు లోపలికి పోయేవి, పెదాలు నేరేడుపండు రంగు తిరిగేవి. నేను కాగితం మార్చడానికి వెళ్ళినప్పుడు గుమ్మంలో కూచుని నా వంక చూసేది. పలకరిస్తే నవ్వేది కానీ మాట్లాడేది కాదు. మాటకు ఊపిరి ఖర్చవుతుంది మరి.

దవాఖానలో డాక్టరు ఒకటే మాట అన్నాడట. ఈ పొగలోంచి తీసెయ్యండి, లేకపోతే ఈ చలికాలం దాటదు.

"తీసుకొని యాడికి పోవాలె అమ్మా?" అంది పూలమ్మ. "ఊర్ల ఇల్లు కూలిపాయె. గీడ కిరాయి అర్ర తీసుకుంటే మేం తినేదేంది?"

మా ఇంటికి పంపమన్నాను. మా అమ్మ కూడా సరేనంది. పిల్ల వచ్చి రెండు రోజులుంది, కాస్త తేలిగ్గానే పడుకుంది. మూడో రోజు పూలమ్మ వచ్చి తీసుకుపోయింది. ఎందుకే తల్లీ అంటే, "మిషను కాడ పండుకుంటె ఇంకా మంచిగైతదమ్మా" అంది.

అప్పుడు తెలిసింది నాకు, ఈవిడ బుర్రలో ఏముందో.

"పూలమ్మా, అది మందు కాదు. గాలిని కొలుస్తుంది, అంతే" అన్నాను.

"గాలి గుంజుతది గద?"

"గుంజుతుంది."

"తెల్ల కాయితం వెట్టి నల్లగైనంక తీస్తున్నరు గద. గా నలుపంత యాడికెల్లి వచ్చింది? గీ పొగలకెల్లే గద. మిషను మింగకుంటె గదంత మా బిడ్డ ముక్కులకు పోతుండె."

"గిన్నెడు నీళ్ళు తోడితే మూసీ ఎండిపోతుందా పిచ్చిదానా?" అన్నాను.

"రోజూ తోడితె గింతన్న తగ్గదా అమ్మా?" అంది.

పోనీలే, నమ్మితే నమ్మింది, నష్టమేముంది అనుకున్నాను. అనసూయ చాప తెచ్చి ఆ రేకు పెట్టె పక్కనే వేసేది పూలమ్మ. పెట్టె గుయ్యిమంటుంటే పిల్ల దానికి వీపు ఆనించి పడుకునేది.

మా వంతు ముగియడానికి నాలుగు రోజుల ముందు దసరా. ఇనుముతో పనిచేసేవాళ్ళకు ఆయుధ పూజ కంటే పెద్ద పండగ లేదు కదా, కార్ఖానా పండగతో ముగిసేలా మూడు రోజులు మూశారు. పొగ ఆగింది. ఆశ్చర్యమేముంది, పిల్లకు ఊపిరి ఆడింది. రెండో రోజు డాబా మీద బంతిపూలు ఏరుకుంటూ పరిగెత్తింది కూడా. నేను కళ్ళారా చూశాను. నాకు ఎంత సంతోషమైందో! కట్టడి వస్తే ఏడాది పొడుగునా ఈ పిల్ల ఇలాగే పరిగెడుతుంది కదా అనిపించింది. పూలమ్మకు మాత్రం ఇంకోలా అనిపించింది. అదంతా మిషను మహిమ.

పండగ నాడు పదింటికి డాబా ఎక్కితే ఏముంది! పెట్టె నిండా పసుపూ కుంకుమా, మెళ్ళో బంతిపూల దండ, ముందు కొబ్బరికాయ చెక్కలు. నిప్పుల గిన్నెలో సాంబ్రాణి. వాళ్ళు ఊదు అంటారు. ఆ పొగ తెల్లగా లేచి, అటూ ఇటూ పోకుండా నేరుగా మిషను నోట్లోకి పోతోంది. పూలమ్మ చేతులు జోడించి నిలబడింది. పక్కన అనసూయ కూడా.

"కొంప ముంచావు కదే తల్లీ!" అని అరిచాను. "పొగను కొలిచే మిషనుకు పొగ వేస్తావా?"

"గిది ఊదు పొగ అమ్మా, మంచి పొగ" అంది బిత్తరపోయి.

"మంచిదో చెడ్డదో దానికేం తెలుసు? ఇంకెప్పుడూ వెయ్యకు, నీకు పుణ్యముంటుంది."

"అట్లనే అమ్మా" అని గిన్నె తీసేసింది. మొహం చిన్నబుచ్చుకుంది.

మా ఆఫీసరు శ్రీరామమూర్తిగారికి చెప్పాను. మెత్తని మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. "ఆ రోజు కాగితం లెక్కలోంచి తీసేద్దాం వసుమతీ. ఎందుకు తీశామో రిపోర్టులో రాసేద్దాం. దాచామన్న మాట రాకూడదు" అన్నారు. అలాగే చేశాం. ఆయుధ పూజ ఏడాదికి ఒక్క రోజు. రిక్షాకీ, కుట్టుమిషనుకీ, చివరికి సచివాలయంలో టైపు మిషనుకీ ఆ ఒక్క రోజే దండ వేస్తారు. మిగతా రోజుల సంగతి అడగాలని మా ఇద్దరిలో ఎవరికి తడుతుంది?

లెక్కలు తేలాయి. ఐదు ఊళ్ళలోనూ మసి ఒప్పుకున్న హద్దు దాటింది. అన్నిటికంటే ఎక్కువ మా నాంపల్లి డాబా మీదే. ఒప్పందం ప్రకారం ఇక మాటలేముంటాయి? ఐదు ఊళ్ళూ ఒకేసారి కట్టడి పెట్టాలి. ఇళ్ళ మధ్య బట్టీలున్నవాళ్ళు పొగగొట్టాలు ఎత్తు పెంచాలి, మసి ఆపే ఏర్పాటు చెయ్యాలి, అంతవరకూ బట్టీలు ఆపాలి. మా వెనక కార్ఖానా మర్నాడే ఆగుతుంది.

కార్తీక మాసంలో మీటింగు పెట్టారు, ఆబిడ్స్‌లో ఒక హోటలు మేడ మీద హాల్లో. ఐదు మునిసిపాలిటీల పెద్దలూ వచ్చారు. మొజంజాహీ మార్కెట్ నుంచి బుట్టెడు పళ్ళు తెప్పించాం. చాయ్ అందించడానికి పూలమ్మను తీసుకొచ్చాను. ఆ రోజు దానికి చెప్పాను, ఇవాళ వీళ్ళు ఊఁ అంటే రేపటి నుంచి మన వెనక పొగ ఉండదని. ట్రంకు పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని వచ్చింది. అనసూయకు రెండు రోజులుగా ఎగపోత ఎక్కువగా ఉందట. భూమయ్య పని మానుకుని పిల్ల దగ్గర కూచున్నాడు.

గుంటూరు తరఫున గోపాలరావుగారు వచ్చారు. మా జిల్లా మనిషే, మా నాన్నగారికి తెలిసినవాడే. అక్కడి మిల్లుల వాళ్ళందరికీ ఆయన దగ్గరవాడు. శ్రీరామమూర్తిగారు లెక్కలు చదువుతున్నంతసేపూ ఆయన కమలాపండు వలుచుకుంటూ కూచున్నాడు. చదవడం అయ్యాక యజమానుల మాట కూడా వినాలి కదా అన్నాడు. మా వెనక కార్ఖానా యజమాని శ్యామ్‌సుందర్ లేచాడు. తెల్లటి బట్టలు, పలచటి నవ్వు. మనిషి గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

"మా బట్టీ పొగ ఇస్తది. నేను కాదంటలేను సార్" అన్నాడు. "గానీ జర ఒక్క మాట. రోజూ పొద్దుగాల మీ డాబా మీదకెల్లి గూడ పొగ లేస్తుంటె మా కూలోళ్ళు చూసిన్రు. గదెవరిది?"

శ్రీరామమూర్తిగారు తడబడలేదు. "దసరా నాడు మా ఆఫీసులో ఆయుధ పూజ జరిగింది. ఆ రోజు లెక్క తీసేశాం. రిపోర్టులో రాశాం కూడా."

"ఒక్క దసరా నాడేనా సార్?"

"ఒక్క రోజే" అన్నాను నేను. నా కళ్ళతో చూసింది ఒక్క రోజే మరి.

"జేసిన మనిషి గీడనే ఉంది గద. అడిగితె పాయె" అన్నాడు. పూలమ్మ అప్పుడే చాయ్ పళ్ళెం పట్టుకుని వరంగల్లు వాళ్ళ దగ్గర ఉంది. "పూలమ్మా, పండుగ నాడు మిషనుకు పూజ జేసినవా?"

"ఔ సార్." పూలమ్మ పళ్ళెం బల్ల మీద పెట్టి కొంగు సర్దుకుంది. అంతమంది పెద్దవాళ్ళు తనను చూడటం దానికి అదే మొదటిసారి. "కొబ్బరికాయ గొట్టిన. పూలేసిన. ఊదేసిన."

"మంచి పని జేసినవ్. మరి ఒక్క పండుగనాడే జేసి, మిగిలిన దినాలు మరిచిపోయినవా?"

నేను లేచేలోపే పూలమ్మ నోరు తెరిచింది. దానికి పౌరుషం వచ్చింది. దేవుడి దగ్గర లోభం చేశావన్నట్టు మాట్లాడితే ఎవరికి రాదు?

"మరుసుడేంది సార్! నా బిడ్డ పానం గద గది. మిషనొచ్చిన తెల్లారికెల్లి రోజూ ఊదేసిన. మీ బట్టీ ముట్టియ్యంగనే నేను నిప్పులల్ల ఇంత ఊదేసి దాని మూతికాడ వెట్టెదాన్ని. ఒక్క పొద్దు తప్పలే. మేం పస్తున్న దినం గూడ దానికి తప్పియ్యలే. వసుమతమ్మ కోపం జేసిందని పండుగ తెల్లారి బంద్ జేసిన. గదొక్కటే నా తప్పు."

శ్రీరామమూర్తిగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

శ్యామ్‌సుందర్ కూచున్నాడు. ఇంకేమీ అనే పని లేకపోయింది. గోపాలరావుగారు తొక్కలన్నీ కుప్పచేసి చెయ్యి తుడుచుకున్నారు.

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా దేవాలా? ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ? ఆఫీసు నెత్తిన పెట్టుకున్న మిషను సంగతే ఇలా ఉంటే, మిగతా ఊళ్ళలో ఎవరు ఏం పొగేశారో ఎవరికి తెలుసు? ఈ లెక్కలు పట్టుకుని నేను మావాళ్ళ మొహం ఎలా చూడను?"

"గుప్పెడు సాంబ్రాణికీ బండెడు బొగ్గుకీ తేడా తెలియదా మీకు?" నేను లేచి నిలబడ్డాను. "మీ ఇంట్లో రోజూ దీపారాధన చేస్తారు కదండీ గోపాలరావుగారూ, పూజగదికి పొగగొట్టం కట్టించారా? ఆ ఊదంతా తీసేసినా మసి హద్దు దాటే ఉంటుంది. పండగ తర్వాత మూడు రోజుల కాగితాలు చూడండి, వాటి మీద ఊదు లేదు, ఉన్నదంతా బట్టీ మసే!"

"మూడు కాగితాలు చూసి ఐదు ఊళ్ళ మిల్లులు ఆపమంటావా అమ్మాయ్?" అన్నాడాయన నవ్వుతూ. "మీ నాన్నగారూ ఇంతే, వాదనలో ఓడిపోతున్నా దిగేవారు కాదు."

"కూర్చోమ్మా వసుమతీ" అన్నారు శ్రీరామమూర్తిగారు. తర్వాత ఆయన చేతులు జోడించినంత పని చేశారు. ఇంకొక్క నెల ఇవ్వండి, ఇక్కడ మళ్ళీ కొలుస్తాం అన్నారు. ఈ ఏటికి బడ్జెటు అయిపోయిందన్నారు కర్నూలు వాళ్ళు. వచ్చే ఏడు చూద్దాం అన్నారు రాజమండ్రి వాళ్ళు. వరంగల్లు వాళ్ళు చాయ్ తాగారు. కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు అందరి మొహాలూ తేటపడ్డాయి. ఏ ఊరాయనకూ తన ఊరి మిల్లుల వాళ్ళతో పేచీ అక్కర్లేదు. ఐదూ ఒకేసారి, లేకపోతే ఏదీ వద్దు. ఏదీ వద్దయింది. ఐదు ఊళ్ళూ నిజంగా ఒక్క మాట మీద నిలబడింది ఆ సాయంత్రమే, సిగ్గులేని జన్మలు!

మెట్లు దిగుతుంటే పూలమ్మ నా వెనకే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"నేను మంచిగ చెప్పిన్నా అమ్మా? ఉత్తగనే భయపడ్డ. గా సార్ ఎంత మర్యాదగ అడిగిండు!"

నాకు ఏడుపొచ్చింది. దాన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఏమని తిట్టను? పస్తులుండి ఊదు కొన్న మనిషిని ఏమని తిట్టను?

"ఉన్నదే చెప్పావు పూలమ్మా" అన్నాను.

"రేపటికెల్లి బట్టీ బంద్ అయితదా?"

"ఇంకా తేలలేదు" అన్నాను. ఆబిడ్స్ నుంచి నాంపల్లి దాకా నడిచే వచ్చాం. దారంతా అది మాట్లాడుతూనే ఉంది, పిల్లను వచ్చే ఏడు బడికి పంపాలని.

పుష్యమాసం చలికి పొగ పైకి లేవలేదు. పొద్దెక్కినా డాబా మీదే పరుచుకుని ఉండేది. అనసూయను మళ్ళీ మా ఇంటికి తీసుకెళ్ళాను. ఈసారి దానికి తేలిక కాలేదు, ఆలస్యమైపోయింది. దవాఖానలో చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు. మంచం మీద కూచునే నిద్రపోయేది, పడుకుంటే ఊపిరందక. ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టుకుని అలాగే పోయింది. నేను పక్కనే ఉన్నాను. భుజాలు ఎగరడం ఆగిపోతే, హమ్మయ్య నిద్రపట్టింది అనుకున్నాను.

ఆఫీసు మూసేశారు. శ్రీరామమూర్తిగారిని వేరే చోటికి వేశారు. మిషను ఏ ఊరికి చెందాలో ఐదు ఊళ్ళూ తేల్చుకోలేదు, అందుకని ఏ ఊరికీ పంపలేదు. మెట్ల కింద చీకటి గదిలో గోనెసంచీ కప్పి పెట్టి తాళం వేశాం. నా సామాను తీసుకోవడానికి ఆఖరి రోజు వెళ్ళాను. పూలమ్మ డాబా మీద ఉంది. బట్టీ ముట్టించారు. ఆ పొగలోనే కూచుని, మిషను ఉన్న చోట నేల ఊడుస్తోంది.

"మిషనేదమ్మా?" అంది. "దినాం అడుగుదామనుకుంట, మనసొప్పుతలేదు. ఏ ఊరికి తోలిన్రు?"

కింద గోనెసంచీ కింద ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎక్కువ నోరని పేరు పడ్డదాన్ని.

"వరంగల్లుకి" అన్నాను.

పూలమ్మ చీపురు పక్కన పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని, "మంచిగైంది. గాడ గూడ పిల్లలుంటరు గద" అంది. నా చెయ్యి పట్టుకుంది. "గాడోళ్ళకు ఒక్క మాట జెప్పుండ్రమ్మా. ఎవరు కోపం జేసినా గనీ, ఊదు బంద్ జెయ్యొద్దని జెప్పుండ్రి. నేను బంద్ జేసి నా బిడ్డను పోగొట్టుకున్న."

చెబుతానన్నాను.